మాయ తెగిన వేళ

నాకు పదేండ్ల ప్రాయమున చూచిన ఒక నాటకము నేటికిని కన్నులకు కట్టినట్లున్నది. చక్కగా సాగినందువలన కాదు, నడుమ చెడినందువలన.

1980 ప్రాంతమున, సంక్రాంతి పండుగ వెళ్లిన పిదప, ముక్తేశ్వరమునకు సమీపమున గల మా మేనమామగారి గ్రామమునకు ఒక నాటకసమాజమువారు వచ్చి విడిసిరి. కోటిపల్లి రేవున వారి సామానులు పంటుమీద గోదావరి దాటుచుండగా చూచుటకే మేము పిల్లలము పరుగెత్తితిమి. చుట్టలు చుట్టిన తెరలు, తాళములు వేసిన కొయ్యపెట్టెలు, బంగారురంగు పూసిన గద, కాగితపుగుజ్జుతో చేసిన ఏనుగుతల, ఆ తలకు ఆనుకొని చుట్ట కాల్చుకొనుచున్న ఒక మనుష్యుడు. నాటకము మాకు ఆ రేవులోనే ప్రారంభమైనది.

కొబ్బరితోట ప్రక్కనున్న ఖాళీస్థలమున సరుగుడు వాసములు పాతి, తాటిదూలములు వేసి, తాటియాకులు కప్పి పందిరి నిలిపిరి. మేము నేలటిక్కెట్టువారము. ఆనాటి నాటకము మాయాబజారు. ద్వారకలో నిద్రించుచున్న శశిరేఖను ఘటోత్కచుని మాయ పాన్పుతో కూడ ఎత్తి ఆకాశమార్గమున అరణ్యమునకు చేర్చు ఘట్టము వచ్చెను. దీపములు తగ్గెను. నల్లని తెరముందు మంచము నేల విడిచి లేచెను. మాలో ఒక్కడును ఊపిరి పీల్చలేదు.

సగము దూరము పోయిన తరువాత మంచము ఆగెను. ఆగి ఒక ప్రక్కకు ఒరిగెను. నిద్రించుచున్న శశిరేఖ కన్నులు తెరువకయే ఒక చేతితో మంచపుకోడు పట్టుకొనెను. పందిరిలో ఒక నవ్వు పుట్టి, పుట్టినచోటనే అణగిపోయెను. ఏలననగా ఆ చేయి వణకుచుండుట ముందువరుసలవారికి కనబడినది. హార్మోనియము వాయించునాయన స్వరము విడువలేదు. ఘటోత్కచుడు క్రింద నిలిచి, ఆ ఘట్టమున లేని పద్యమొకటి అందుకొనెను. రాగము ముగియునంతలో మరియొకటి. పద్యమునకు పద్యమునకు నడుమ ప్రక్కతెరల వెనుకనుండి గుసగుసలు, కాళ్ల చప్పుడు. మూడవ పద్యము చివర మంచము అంగుళమంగుళముగా నేలకు దిగెను. పందిరి అదరునట్లు చప్పట్లు. కొందరు ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసిరి. పద్యము కొరకో, మంచము కొరకో నాకు తెలియలేదు.

“ఘటోత్కచుడి మాయక్కూడా తాడు కావాలేంటే!” అని మా అమ్మమ్మ ప్రక్కనున్నావిడతో అనినది.

“ఊరుకోండి పిన్నిగారూ, పాపం ఆ పిల్ల ఎంత భయపడిందో” అని ఆవిడ.

మూడు రాత్రుల పిదప మాయాబజారు మరల వేసిరి. అమ్మమ్మ కాళ్లావేళ్లా పడి మరల పోయితిని. ఈసారి దీపములు తగ్గలేదు, మంచము లేవలేదు. రాక్షసభటుడొకడు పరుగున వచ్చి, ‘ప్రభూ! శశిరేఖాదేవిని పాన్పుతో సహా తీసుకొని వచ్చితిమి’ అని చేతులు జోడించెను. కథకు ఏ లోటును లేదు. ఆ ఘట్టము ఎరుగనివారికి అచ్చట ఒకటి ఉండెడిదని కూడ తోచదు. నేను మాత్రము ఇల్లు చేరునంతవరకు ఏడ్చితిని. మొదటి రాత్రి మంచము ఆగినప్పుడు నాకు ఏడ్పు రాలేదు. ఆగినను అది గాలిలోనే ఉండెను గదా!

చెడిన మాయకును తీసివేసిన మాయకును గల ఈ భేదమును గురించి నాలుగు మాటలు చెప్పవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాను.

నాటకమునకు విఘ్నము తోబుట్టువు. భరతుని నాట్యశాస్త్రమున మొదటి అధ్యాయముననే ఆ కథ కలదు. ఇంద్రధ్వజోత్సవమున దేవతల యెదుట మొట్టమొదటి ప్రయోగము జరుగుచుండగా విఘ్నులు అదృశ్యముగా వచ్చి నటుల వాక్కును, చేష్టలను, స్మృతిని స్తంభింపజేసిరట. ఇంద్రుడు ధ్వజదండము చేపట్టి వారిని చితుకగొట్టెను. ఆ దండమే జర్జరము. పిదపనే బ్రహ్మ విశ్వకర్మను పిలిచి నాట్యగృహము కట్టించెను. అనగా, మొదటి నాటకము చెడినందువలననే మొదటి నాటకశాల పుట్టినదన్నమాట. పాఠము చెప్పునపుడు ఈ మాట అనగానే విద్యార్థులు నవ్వుదురు. పాఠశాలలో వార్షికోత్సవ నాటకము ఆడించిన ఉపాధ్యాయులు నవ్వరు.

ఆ శాస్త్రముననే ఆహార్యాభినయము చెప్పుచు, రంగముమీద చూపవలసిన కొండలు, విమానములు, రథములు మొదలగువాని నిర్మాణమునకు పుస్తమని పేరిడి, అందు యంత్రముచేత కదలింపబడుదానిని వ్యాజిమమని వేరుపరచిరి. వ్యాజమనగా నెపము. మంచి మాట. ఆయుధములు నిజమైన ఇనుముతో చేయక, వెదురు, వస్త్రము, లక్క మున్నగు తేలిక పదార్థములతో చేయవలెననియు అందే కలదు. బరువు మోయలేక నటుడు అలసినచో అభినయము చెడునని కారణము చెప్పిరి. అయితే మన సంస్కృత నాటకములలో చాలభాగము వ్యాజిమము లేకుండనే నడువగలవు. శాకుంతలము మొదటి అంకమున దుష్యంతుని రథవేగమంతయు నటుని అంగములయందే కలదు; నిజమైన చక్రముతో పనిలేదు. మన తెలుగు రంగస్థలము ఈ త్రోవను కొంత విడిచి, కన్నులకు విందుచేయు త్రోవ పట్టినది. ఆ త్రోవలో అందరికంటె దూరము పోయినవారు సురభివారు.

1885వ సంవత్సరమున కడప జిల్లాలోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి పూనికతో కీచకవధ ప్రదర్శింపబడినది. సురభి చరిత్రకు అది నాంది. ఒక కుటుంబము, ఆ కుటుంబమునుండి మరికొన్ని కుటుంబములు, అవి ఒక్కొక్కటియు ఒక సమాజము. ఒకప్పుడు ఆ శాఖలు ముప్పదికి మించెను. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించుట వారి ఘనత. తొలి తెలుగు టాకీ యగు భక్తప్రహ్లాద (1932)లో నటించిన సురభి కమలాబాయి ఆ కుటుంబములందు పుట్టినదే. 1937లో శ్రీకాకుళము సీమయందు జిమిడిపేటలో స్థాపితమైన వేంకటేశ్వర నాట్యమండలికి చాలకాలము నాయకులుగా నుండిన రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ వచ్చెను. జనులు వారిని బాబ్జీ అనియే యెరుగుదురు. వారు 2022లో కీర్తిశేషులైరి.

సురభివారి మాయాబజారు, పాతాళభైరవి, భక్తప్రహ్లాద, లవకుశ, బాలనాగమ్మలను చూచినవారికి పద్యములకంటె ముందు జ్ఞప్తికి వచ్చునవి ‘ట్రిక్కు సీనులు’. రెండు బాణములు ఆకాశమున ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు చెరుగుట, నారదుడు మబ్బులలోనుండి దిగుట, స్తంభము రెండుగా చీలి నరసింహుడు వెడలుట, ఘటోత్కచుని నోటిలోనికి లడ్లు వాటంతట అవియే ఎగిరిపోవుట. ఇవన్నియు మన ముందే, ఆ క్షణముననే జరుగును. సాహిత్యవేత్తలు కొందరు వీనిని చౌకబారు గారడీలని ఈసడించిరి. నేనును యువకుడనై కొత్తగా ఎం.ఏ. పట్టము పుచ్చుకొన్న దినములలో అట్లే అంటిని. ఆ మాట ఇపుడు వెనుకకు తీసికొనుచున్నాను.

ఏలననగా, కొన్ని సంవత్సరముల క్రిందట రాజోలు ప్రాంతమున ఒక వృద్ధునితో నాకు పరిచయమైనది. ఆయన నటుడు కాడు. ముప్పదియేండ్లు ఒక నాటకసమాజమున తాడు లాగినవాడు. కరపత్రములో ఆయన పేరు ఎన్నడును పడలేదు. నేను తెలుగు ఉపన్యాసకుడనని తెలిసి, ‘మేష్టారూ, పద్యాల సంగతి నాకు తెలీదండి’ అని ముందుగనే చేతులు జోడించెను. నాకు కావలసినది పద్యముల సంగతి కాదంటిని.

“బాణాలు ఎలా కలిసేవి తాతగారూ?”

“ఏవుందండీ, ఈ పక్కనించి ఆ పక్కకి సన్నతీగ బిగించేవోళ్లం. బాణానికి కొక్కెం. ఇటోడు, అటోడు ఒక్కసారే వదలాలి. హార్మోనీ ఆయన ఒక స్వరం నొక్కేవోడు. అదే మాకు గుర్తు. ఒక క్షణం అటూ ఇటూ అయితే రావుడి బాణం రావుడి దగ్గిరికే తిరిగొచ్చేదండి.”

తీగ కనబడకుండుటకు వెనుక నల్లతెర యుండవలెను. దీపము నటునిమీద ప్రక్కనుండి పడవలెను గాని ఎదుటనుండి పడరాదు. మంట కావలసినచోట కాగడామీద గుగ్గిలపుపొడి చల్లుదురు. గుప్పున లేచి గుప్పున ఆరును. ప్రహ్లాదుని స్తంభము వెదురుచట్రముమీద గుడ్డ బిగించి రంగు వేసిన రెండు చెక్కలు. లోపల నరసింహుడు అరగంటసేపు చెమటలు కార్చుచు నిలిచియుండును. ఎగురుటకు దూలమునకు కప్పీలు, కప్పీలమీదుగా మోకు, మోకు చివర ఇద్దరు మనుష్యులు. యంత్రమనుటకు ఇంతకంటె ఏమియు లేదు. తక్కినదంతయు ఆ ఇద్దరి చేతులలోనున్నది. ఎంత లాగవలెనో, ఎప్పుడు వదలవలెనో వారు చూచి కాదు, బరువునుబట్టి తెలిసికొందురు. శశిరేఖ పాత్ర ధరించు పిల్ల ఒక యేడు ఎదిగినచో ఆ సంగతి తల్లికంటె ముందు తాడువానికి తెలియునట.

నా చిన్ననాటి కథ చెప్పితిని. ఆయన నవ్వలేదు. తన రెండు అరచేతులును నా ముందు చాపెను. కుడి అరచేతికి అడ్డముగా, బొటనవ్రేలి మొదటినుండి చిటికెనవ్రేలి క్రిందివరకు, తెల్లని మచ్చ కలదు.

“కప్పీలోంచి తాడు జారి పక్కన ఇరుక్కుందండి. రెండోవోడి పట్టు తప్పింది. బరువంతా నా మీదే పడింది. వదిలేస్తే పిల్ల పడిపోద్ది. పైనోళ్లు వెదురెక్కి కప్పీ సరిచేసేదాకా పట్టుకునే ఉన్నాను. తోలు ఊడొచ్చేసింది. మర్నాడు తాడు బాగు చేసేశాం. చెయ్యి బాగవ్వడానికి మూడు నెలలు పట్టింది. ఇంకోడికి ఆ పని రాదు. ఆ సీను తీసేశారు.”

“ఏ ఊరండీ అది?”

“ఎన్ని ఊళ్లండి బాబూ!”

ఇంకను అడుగవలెనని నోటివరకు వచ్చినది గాని అడుగలేదు. మా మేనమామగారి ఊరే కావచ్చును, కాకపోవచ్చును. తాడు జారని సమాజము ఉండదు. కాని ఆ రాక్షసభటుని ఒక్క వాక్యమును గురించి నేను నలుబదియేండ్లుగా అనుకొనుచుండినది మాత్రము మారిపోయెను. సమాజమువారు శ్రమ తప్పించుకొనుటకు మాయను ఎగవేసిరని నా కోపము. తీసివేసిన ఘట్టము వెనుక ఒక మనుష్యుని చేయి యుండునని నాకు తోచలేదు.

తక్కిన మాయలు ఎట్లు పోయినవని అడిగితిని. ఆయన చెప్పిన కారణములు చిన్నవి, ఒకదానితో ఒకటి సంబంధము లేనివి. రాత్రి తెల్లవార్లు నడచిన నాటకము రెండు గంటలకు కుదిరినది; మొదట పోవునవి సన్నాహమునకు కాలము పట్టు ఘట్టములే. పందిళ్లు పోయి కళామందిరములు వచ్చెను. అచ్చట గుగ్గిలము వెలిగింపనీయరు, నేల త్రవ్వనీయరు. సీత భూమిలోనికి పోవలెనన్నచో రంగము క్రింద గొయ్యి యుండవలెను గదా! నేల పాలరాయి యైనచో సీత ఎచ్చటికి పోవును? ప్రక్కకు పోవును. చిన్నవారు వేరు ఉద్యోగములకు పోయిరి, అది న్యాయమే. ఒక్కనాడును ఎవ్వరును ‘ఇక మాయలు వలదు’ అని తీర్మానము చేయలేదు. ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్కటి, ‘ఈ ఒక్కసారికి’ అని తీసివేసిరి.

ఈ సంగతి మా పూర్వవిద్యార్థి యొకనితో ప్రస్తావించితిని. అతడు అమెరికాలో ఉద్యోగము చేయుచు సెలవులకు అమలాపురము వచ్చియుండెను. కోట్ల డాలర్లు వెచ్చించి కట్టిన అచ్చటి వినోదవనములలో కూడ ఇదే చర్చ యున్నదని అతడు చెప్పగా ఆశ్చర్యపడి, దొరికినంత చదివితిని.

అచ్చటి మాయలకును మన మాయలకును మూలపురుషులు ఒక్కరే యనిపించును. 1862 డిసెంబరు 24వ తేదీన లండనులోని రాయల్ పాలిటెక్నిక్ సంస్థయందు పెప్పర్ అను ఆచార్యుడు డికెన్సు కథ నొకదానిని ప్రదర్శించుచు రంగముమీద దయ్యమును చూపెను. పెద్ద గాజుపలకను ఏటవాలుగా నిలిపి, ప్రేక్షకులకు కనబడని గోతిలో నటునిమీద వెలుగు ప్రసరింపజేసినచో, ఆ ప్రతిబింబము రంగముమీది నటుల నడుమ తేలియాడును. నూరేండ్లు దాటిన పిదప కాలిఫోర్నియాలోని డిస్నీలాండున 1969లో తెరచిన ‘హాంటెడ్ మాన్షన్’ అను దయ్యాలకొంపలో నాట్యమాడు దయ్యములు ఈ గాజుమాయయే. అందే మరియొక దయ్యముండెను. దాని చేతిలో టోపీపెట్టె. భుజములమీది తల మాయమై పెట్టెలో కనబడవలెను. అయితే చుట్టును చీకటి చాలనందున భుజములమీది తల సరిగా మాయము కాలేదట. తెరచిన కొలది దినములకే ఆ బొమ్మను తీసివేసిరి. చూచినవారు బహుకొద్దిమంది. అయినను దాని చిత్రములు నిలిచెను, దానిని గురించిన ముచ్చట నిలిచెను. చూడనివారు కూడ దానికొరకు అడుగుచుండిరి. 2015లో, నలుబదియారేండ్ల తరువాత, కొత్త యంత్రముతో దానిని మరల అచ్చట నిలిపిరి.

ఫ్లోరిడాలోని ‘ఆనిమల్ కింగ్‌డమ్’ అను వనమున 2006లో ‘ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్’ అను రైలుబండి ఆట తెరచిరి. కృత్రిమ హిమాలయము నడుమ ఇరువదియైదడుగుల హిమమానవుడు, అనగా యతి. బండి పోవుచుండగా ఆ యతి చేయి చాచి ప్రయాణికులమీదికి వంగవలెను. కొన్ని నెలలకే అది కదలుట మానెను. పిదప దానిమీద మెరుపుదీపము ఆర్చి వెలిగించుచు, కదలుచున్నదన్న భ్రాంతి కల్పింపసాగిరి. అక్కడి రసికులు దానికి ‘డిస్కో యతి’ యని ముద్దుపేరు పెట్టిరట. మన తాడువాని అరచేయి చూచిన కన్నులతో ఈ సంగతి చదివినప్పుడు నాకు నవ్వును, జాలియు ఒక్కమారే కలిగెను. అంతటి యంత్రమాగినప్పుడు దానిని కాపాడుటకు వచ్చినది ఒక దీపము. ఘటోత్కచుని మూడు పద్యములు చేసిన పనియు అదియే. అయితే పద్యములు ఆ రాత్రికి మాత్రమే.

సినిమా మాయకు ఈ బాధ లేదు. 1957లో విజయావారి మాయాబజారులో ఘటోత్కచుని నోటిలోనికి పోయిన లడ్లు, కె.వి.రెడ్డిగారును మార్కస్ బార్ట్లేగారును ఒక్కసారి సాధించినవి, నేటికిని తప్పకుండ పోవుచునే యున్నవి. మా తరగతిలో పిల్లలకు అది చూపించితిని, అందరును సంతోషించిరి. పిదప ఒక బాలిక లేచి, ‘ఒకవేళ లడ్డు నోట్లో పడకపోతే ఏం చేసేవాళ్లు సార్?’ అని అడిగినది. మరల తీయుదురని చెప్పితిని. రంగస్థలముమీదనైతే? దానికి సమాధానము చెప్పగలవాడు రాజోలు ప్రాంతముననున్నాడని నాకు జ్ఞప్తికి వచ్చెను.

టోపీపెట్టె దయ్యము తిరిగి వచ్చుటకు దాని చిత్రములు తోడ్పడినవి. మన బాణములకు, మన మంచమునకు చిత్రములు లేవు, కొలతలు లేవు. పద్యములు అచ్చైనవి, రాగములు రికార్డులకెక్కినవి, నటుల చరిత్రలు పరిశోధన గ్రంథములైనవి. అట్టివానిని పర్యవేక్షించినవారిలో నేనును ఒకడను. కప్పీ ఎచ్చట కట్టవలెనో, మోకునకు ఏ ముడి వేయవలెనో ఒక్క గ్రంథముననైన నాకు కనబడలేదు. ఇన్నేండ్లు రంగస్థల చరిత్ర బోధించి, తెరముందు నిలిచినవారిని మాత్రమే లెక్కించితినే అని నాకు సిగ్గుగానున్నది.

గత సంవత్సరము మా విద్యార్థులు వార్షికోత్సవమునకు శశిరేఖా పరిణయము ఆడుదుమనిరి. మంచము ఎగురవలెనని పట్టుబట్టినది ఆ లడ్డు ప్రశ్న అడిగిన బాలికయే. నేను పోయి వృద్ధుని తీసికొనివచ్చితిని. ఆయన వారము దినములు వచ్చెను. నలుగురు పిల్లలకు ముడి వేయుట నేర్పెను. మనిషికి బదులు బియ్యపుబస్తా కట్టించి, ఆవరణలోని మామిడికొమ్మకు కప్పీ తగిలించి, కన్నులు మూసికొని లాగుమనెను. ‘చూడకండ్రా, బరువు వినండి’ అనెడివాడు. ముడులను, కొలతలను ఒక విద్యార్థి నోటుపుస్తకమున బొమ్మలతో సహా వ్రాసికొనెను. బస్తా రెండుమార్లు పడినది. మూడవనాటినుండి పడలేదు.

ఉత్సవమునకు ముందునాడు ఆయనను మా సభామందిరములోనికి తోడ్కొనిపోయితిమి. రంగమునడుమ నిలిచి తల పైకెత్తి చాలసేపు చూచెను. పైన నున్నని సిమెంటు కప్పు, నాలుగు పంకాలు, వరుసగా గొట్టపుదీపములు. పిల్లలు మోకు చుట్ట భుజమున వేసికొని ఆయన చుట్టును నిలిచియుండిరి.

“దూలం లేదా మేష్టారూ?” అని అడిగెను.

లేదంటిని. ఆయన మరియొకమారు పైకి చూచి, పిదప కిటికీగుండా ఆవరణలోని మామిడిచెట్టువైపు చూచెను.

“ఆట బయట పెట్టుకుందారండి” అనెను.